ఎర్ర సంచి బరువు

మంథని సార్ పోయారన్న కబురు నాకు దవాఖాన చెత్త తీసుకెళ్లే బండి డ్రైవరు చెప్పాడు. పొద్దున పది గంటల వేళ. పసుపు సంచులు ఎక్కించడం అయిపోయింది. ఎర్ర సంచులకు స్టిక్కర్లు అంటిస్తున్నాను.

"అక్కా, ఎరికేనా? మంథని సార్ పోయిండట. మొన్న సోమారం. పండుకున్నోడు పండుకున్నట్టే పోయిండట" అన్నాడు. ఫోనుతో స్టిక్కరు మీది గీతల్ని స్కాన్ చేసుకుంటూనే, "మంచోడు, పాపం" అని కూడా అన్నాడు.

నేను "అవునా" అన్నాను. చేతిలోని స్టిక్కరు వంకరగా అంటుకుంది. పీకి మళ్లీ అంటించాను. బండి వెళ్లిపోయాక రేకుల షెడ్డులో బోర్లించిన బకెట్టు మీద చాలాసేపు కూర్చున్నాను. ఆయన పోయినందుకే కాదు. ఆ కబురు ఆ డ్రైవరు నోటితోనే వినాల్సి వచ్చినందుకు.

ఆయన పేరు ఇక్కడ రాయను. మేమెవరమూ ఆయన్ని పేరుతో పిలవలేదు. మంథని నుంచి వచ్చేవారు కాబట్టి మంథని సార్.

గోదావరిఖనిలో ఒక చిన్న ప్రైవేటు దవాఖానలో నేను పదహారేళ్లు పనిచేశాను. మొదట ఊడ్చే పని. ఇంటర్ దాకా చదివానని తెలిశాక చెత్త రిజిస్టరు కూడా నాకే అప్పజెప్పారు. చెత్తకు ఇన్ని నియమాలుంటాయని అప్పటిదాకా నాకు తెలియదు. నెత్తురంటిన దూదీ కట్లూ పసుపు సంచిలోకి పోవాలి. సెలైన్ సీసాలు, పైపులు, సూది తీసేసిన సిరంజిలు ఎర్ర సంచిలోకి. సూదులు మాత్రం మూత బిగించే తెల్ల డబ్బాలోకి. ఏ సంచీ రెండు రోజులకు మించి దవాఖానలో ఉండకూడదు. దానికోసమే తిరిగే బండి వచ్చి తీసుకెళ్లాలి. ఏ సంచి ఎంత బరువుందో ఏ రోజుకారోజు రాయాలి. ఆ రాత నిజమో కాదో చూసిపోయే అధికారి ఆయన. దవాఖానలే కాదు, హోటళ్లు, ఫంక్షన్ హాళ్లు, కాలేజీ హాస్టళ్లు, ఎక్కడ చెత్త కుప్పలుగా పుడుతుందో అక్కడికల్లా తనిఖీకి వెళ్లేవారు.

బక్కపలచని మనిషి. నుదుట సన్నటి గంధం బొట్టు. బస్సు దిగి నడుచుకుంటూ వచ్చేవారు. భుజాన బట్టసంచి, అందులో స్ప్రింగు కాటా, తువ్వాల, సబ్బుబిళ్ల, అన్నం డబ్బా, మడతపెట్టిన పాత ఫ్లెక్సీ. రాగానే చేతి గడియారం విప్పి చొక్కా జేబులో వేసుకునేవారు. చేతులు పైకి మడిచేవారు. మేనేజరు గది వైపు తలైనా తిప్పకుండా తిన్నగా వెనక షెడ్డుకు వచ్చేవారు.

మొదటిసారి వచ్చినప్పుడు మేనేజరు వెంటపడి పరుగెత్తుకొచ్చాడు. "సార్ సార్, లోపట కూసోండ్రి. రిజిస్టరు ఆడికే తెప్పిస్త. చాయ్ తాగున్రి."

"చాయ్ ఈడికే తెప్పియ్యి. ఈ అమ్మలకు గూడ తెప్పియ్యి" అని, నా వైపు తిరిగి, "నీ పేరేంది బిడ్డా?" అన్నారు.

చేతిలో ఫైలుతో వచ్చినవాళ్లెవరూ అంతకుముందు నా పేరడగలేదు. చెప్పాను. ఆయన దాన్ని ఒకసారి పైకి పలికి చూసుకున్నారు. ఆ తర్వాత ఎన్నిసార్లు వచ్చినా మరిచిపోలేదు.

ఫ్లెక్సీ నేల మీద పరిచారు. ఎవరో నాయకుడి పుట్టినరోజుది, నిండా నవ్వుముఖం. దాన్ని జాగ్రత్తగా బోర్లా తిప్పి, "పెద్దమనిషి మొఖం మీద చెత్త పొయ్యద్దు బిడ్డా. ఎలచ్చన్లల్ల మల్ల పనికొస్తడు" అన్నారు. మేము నవ్వాలో వద్దో తెలియక మేనేజరు వైపు చూశాం. సారే ముందు నవ్వారు.

సంచి విప్పి ఆ ఫ్లెక్సీ మీద కుమ్మరించి, ఒక్కొక్కటే పక్కకు తీసేవారు. తీస్తూ తీస్తూ, "ఈ వారం జరాలు మస్తున్నట్టున్నయి గదా" అనేవారు. లేదంటే, "నిన్న రెండు కాన్పులైనయా?" అనేవారు. నర్సులు బిత్తరపోయేవాళ్లు. సరిగ్గా రెండే అయి ఉండేవి. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టులో బొగ్గు కోసం బ్లాస్టింగు జరిగినప్పుడు కిటికీ అద్దాలు గలగలమనేవి, కాటాకు వేలాడుతున్న సంచి సన్నగా ఊగేది. ఆయన వేలెత్తి అందరినీ ఆపేవారు. ముల్లు కుదురుకునేదాకా ఎవరూ మాట్లాడకూడదు. "పావుకిలో అటో ఇటో అయితే ఏమైతది సార్" అని మేనేజరు ఒకసారి విసుక్కుంటే, "పావుకిలకు ఎన్ని సూదులు తూగుతయో ఎన్నడన్న చూసినవా?" అన్నారు.

రిజిస్టరు చివరికి చూసేవారు. అదీ ఒంటికంటితో చూసినట్టు, నమ్మకం లేకుండా. "రిజిస్టరు సదువుకున్నది. దానికి అబద్ధమాడుడు వస్తది. చెత్తబుట్టకు సదువు లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్తది" అనేవారు. ఒకసారి ఆ మాట అన్నాక నన్ను చూసి నాలుక కరుచుకున్నారు. "నిన్ను గాదు బిడ్డా. నీ రాత మంచిగున్నది."

రెండోసారో మూడోసారో వచ్చినప్పుడు నా చేతులు చూశారు. ఉత్త చేతులతో సంచులు కడుతున్నాను. బొటనవేలి మీద పాత గాటు ఉంది. "ఇదేంది?" అన్నారు. "సూది గుచ్చుకున్నది సార్, ఎప్పుడో" అన్నాను. ఆయన ముఖం మారిపోయింది. మేనేజరును పిలిచారు. గ్లౌజులు కొన్నామనీ, డబ్బాలు బీరువాలో ఉన్నాయనీ, పాడవుతాయని తీయలేదనీ అతను చెప్పుకొచ్చాడు.

"గ్లౌజులు బీరువల ఉన్నయి సరే. చేతులు గూడ బీరువల్నే ఉన్నయా?" అన్నారు సార్. గొంతు పెద్దది చేయలేదు. కానీ లేచి నిలబడి, డబ్బా తెచ్చి, విప్పి, ఊడ్చే పనిలో ఉన్న మా నలుగురికీ తొడిగించేదాకా కూర్చోలేదు. ఆ రోజే దవాఖాన నడిపే డాక్టరమ్మతో చెప్పి నాకు రక్తపరీక్ష చేయించారు. ఏమీ లేదని తేలాక, "ఇగ పండుగ చేస్కో" అన్నారు. అప్పటి నుంచి వెళ్లేటప్పుడు "పోయొస్త" అనడం మానేసి, జాగ్రత్త చెబుతూ "చేతులు పైలం" అనేవారు.

అన్నం మాతోనే తినేవారు, వెనక మెట్ల మీద కూర్చుని. వాళ్లది తరతరాలుగా గుడి పూజ చేసుకునే ఇల్లు. "మా నాయిన గుడిల పూలు ఏరెటోడు. నేను సూదులు ఏరుతున్న. మా అమ్మ ఉన్నన్ని రోజులు బాయి కాడ రెండు బకెట్లు పోసుకుంటెగని గడప తొక్కనియ్యలే" అని నవ్వేవారు. మా డబ్బాల్లో చేపల కూర ఉన్నరోజు పక్కకు జరిగి కూర్చుందామని లేస్తే చేత్తో ఆపేవారు. "గది నాకు పనికిరాదు గని, వాసన మాత్రం మస్తున్నది. కూసోండ్రి" అనేవారు.

ఇలాంటి మనిషికి నేను అబద్ధం చెప్పాను.

మా ఆయన ఒక కాంట్రాక్టరు కింద మట్టి ఎత్తే పనిలో ఉండగా నడుము విరిగింది. కాళ్లు పనిచేయడం మానేశాయి. ఇంట్లో మంచం మీదే. మా దవాఖాన డాక్టరమ్మ ఆయనకు ఊరికే వైద్యం చేసేది, వారానికోసారి కాళ్లకు వ్యాయామం చేయించే మనిషిని ఇంటికి పంపేది. ఆ రుణం నా మెడ మీద ఎప్పుడూ ఉండేది. ఎవరూ గుర్తుచేయక్కర్లేదు.

ఎప్పటి నుంచి మొదలైందో తెలియదు కానీ ఒక ఎండాకాలంలో గమనించాను, ఎర్ర సంచులు బండికి పోవడం లేదు. సెలైన్ సీసాలూ పైపులూ మంచి ప్లాస్టిక్. మేనేజరు వాటిని పాతసామాను దుకాణానికి అమ్ముతున్నాడు. కడగరు, ముక్కలు చేయరు, ఉన్నవి ఉన్నట్టే. తొందరలో నర్సులు సూది తీయకుండా పడేసిన సిరంజిలు కూడా వాటిలోనే పోయేవి. రిజిస్టరులో మాత్రం బండి తీసుకెళ్లినట్టు రాయమన్నాడు. రాశాను. డ్రైవరు వారానికి ఒకసారి అన్ని గళ్లలోనూ సంతకాలు పెట్టేవాడు, ఏం రాసి ఉందో చూసుకోకుండా. అందరి దగ్గరా అంతే. స్టిక్కర్లూ, ఫోనుతో స్కాన్ చేయడమూ అప్పటికింకా రాలేదు. డాక్టరమ్మకు తెలుసో తెలియదో ఇప్పటికీ నాకు తెలియదు.

సార్ తనిఖీకి వస్తున్నారని ముందురోజు మేనేజరు నన్ను పిలిచాడు. "ఎర్ర సంచులు నిన్ననే బండికి పోయినయని చెప్పు. నువ్వు చెప్తె నమ్ముతడు. ఇది మూతపడితె పదకొండు మంది బజార్న పడ్తరు. మీ ఆయన సంగతి నేను చెప్పుడెందుకు, నీకే ఎరికే" అన్నాడు.

సార్ వచ్చారు. చాయ్ తాగారు. ఫ్లెక్సీ పరిచారు. పసుపు సంచులు తూచారు, వార్డులో మంచాలు లెక్కబెట్టి వచ్చారు, మళ్లీ వచ్చి షెడ్డులో ఉన్న ఒకే ఒక్క ఎర్ర సంచిని చేత్తో ఎత్తి చూశారు.

"పసుపు సంచులు గిన్ని ఉన్నయి. ఎర్ర సంచి గింత తేలికున్నదేంది?"

మేనేజరు ఏదో అనబోతే చెయ్యి అడ్డుపెట్టారు. "నిన్ను తర్వాత అడుగుత. ఈమెను అడుగుతున్న."

"నిన్న బండి వచ్చి తీస్కపోయింది సార్" అన్నాను.

"నువ్వు చూసినవా?"

"నేనే ఎక్కిచ్చిన సార్."

ఆయన నన్ను చూశారు. అనుమానంగా చూడలేదు. అదే నన్ను ఈ రోజుకీ నిద్రపోనివ్వదు. లెక్క తేలినప్పుడు మనిషి ముఖంలో వచ్చే తేటదనం వచ్చింది ఆయన ముఖంలో. "సరే బిడ్డా" అన్నారు. కాగితం మీద సంతకం పెట్టారు. కడుక్కుని, తుడుచుకుని, గడియారం పెట్టుకుని, "చేతులు పైలం" అని వెళ్లిపోయారు.

ఆ వానాకాలం ఒక పెద్ద వాన పడింది. పాతసామాను దుకాణం వెనక షెడ్డులోకి నీళ్లొచ్చి సామానంతా మురుగు మోరీలోకి కొట్టుకుపోయింది. మోరీ తీయడానికి దిగిన మున్సిపాలిటీ పనామె అరికాలిలో సిరంజి సూది దిగింది. ఆమెను నెలల తరబడి పరీక్షల చుట్టూ తిప్పారు. జబ్బేమీ అంటలేదని చివరికి తేలింది కానీ ఆమె మళ్లీ మోరీలో కాలు పెట్టలేదు. ఆ పక్కనే దొరికిన ఎర్ర సంచుల మీద మా దవాఖాన పేరుంది, తేదీ ఉంది. సార్ తనిఖీకి ముందురోజు తేదీ. నేను బండికి ఎక్కించానన్న సంచులు.

దవాఖానను పదిహేను రోజులు మూసి, జరిమానా వేసి, మళ్లీ తెరవనిచ్చారు. సంచులు దారిలో దిగాయేమోనని బండి డ్రైవరును పనిలోంచి తీసేశారు. ఆర్నెల్ల తర్వాత ఇంకో మనిషి దొరక్క మళ్లీ పెట్టుకున్నారు. సార్‌ను సస్పెండు చేసి విచారణ వేశారు. లంచం తిని కళ్లు మూసుకున్నాడని ఊళ్లో అన్నారు. మా చాయ్ హోటలు దగ్గర కూడా అన్నారు. నేను విన్నాను, చాయ్ తీసుకుని వచ్చేశాను.

విచారణ కరీంనగర్‌లో. సాక్షిగా నన్నూ రమ్మన్నారు. వరండాలో బెంచీ మీద మేనేజరు పక్కన కూర్చున్నాను. "అప్పుడు చెప్పిందే చెప్పు. మాట మారిస్తె ఇద్దరం పోతం" అని అతను చెవిలో గొణుగుతున్నాడు. అప్పుడు సార్ వచ్చారు. అదే బట్టసంచి. కానీ లోపల ఏమీ లేదు, పల్చగా వేలాడుతోంది. నన్ను చూసి ఆగారు.

"ఇంత దూరం తెప్పిచ్చిన్రా నిన్ను? ఏమన్న తిన్నవా?"

"తిన్న సార్" అన్నాను. తినలేదు.

"మీ ఆయన నడుము ఎట్లున్నది?"

"గట్లనే ఉన్నది సార్."

తల ఊపి లోపలికి వెళ్లారు. తలుపు పూర్తిగా పడలేదు. లోపల ఎవరో, ఆ సంచుల సంగతి మీకెవరు చెప్పారని అడిగారు. సార్ గొంతు వినబడింది. "ఎవ్వరు చెప్పలే. నేనే చూసిన, నేనే తూచిన, నేనే రాసిన. కిందోళ్లను పిలిచే పని లేదు."

ఆ మనిషి తన ఉద్యోగంలో ఆడిన అబద్ధం బహుశా అదొక్కటే. మేనేజరు గట్టిగా ఊపిరి వదిలాడు. నన్ను లోపలికి పిలవనే లేదు. బస్సులో తిరిగి వచ్చేటప్పుడు నాకు ఎంత తేలికగా అనిపించిందో చెబితే మీరు నన్ను అసహ్యించుకుంటారు. అయినా చెబుతున్నాను. చాలా తేలికగా అనిపించింది.

సస్పెన్షన్‌లో ఉండగానే ఆయన రిటైరయ్యారని తర్వాత తెలిసింది. దండ వేసినవాళ్లు లేరు. విచారణ తేలలేదు.

ఆ తర్వాత ఒక్కసారే చూశాను. మా ఊరి బస్టాండులో. డ్యూటీ అయిపోయి ఇంటికి వెళ్తున్నాను. ఆయన సిమెంటు బెంచీ మీద కూర్చుని ఉన్నారు, పక్కన కూరగాయల సంచి. బాగా చిక్కిపోయారు. పలకరించకుండా తప్పుకుందామనుకునేలోపే లేచి నిలబడ్డారు.

"బిడ్డా, ఒక్క మాట అడుగుత. తప్పు పట్టుకోవద్దు."

"చెప్పున్రి సార్."

"ఆ దినం నువ్వే గద బండికి ఎక్కిచ్చింది. డ్రైవరు ఆ సంచులు బండి లోపట పెట్టిండా, ముందల సీటు కాడ పెట్టుకున్నడా? ఏమన్న యాదికున్నదా?"

ఇంకా నా మాటనే పట్టుకుని ఉన్నారు. ఆ అబద్ధం మీద నిలబడి, అక్కడి నుంచి దారి వెతుక్కుంటున్నారు. చుట్టూ మనుషులు, షేర్ ఆటోల అరుపులు. గనిలో సెకండు షిఫ్టుకు వెళ్లేవాళ్లు మమ్మల్ని రాసుకుంటూ పోతున్నారు. నిజం నా నోటి దాకా వచ్చింది. ఎంత చిన్న మాట అది! "ఎక్కియ్యలే సార్." అంతే చెప్పాలి.

"యాదికి లేదు సార్" అన్నాను.

"ఫికర్ లేదు" అన్నారు. ఇంకాసేపు నా ముఖంలోకి చూశారు. "ఫికర్ లేదు బిడ్డా. చేతులు పైలం." మంథని బస్సు వస్తే ఎక్కారు. కిటికీ పక్క సీటే దొరికింది. కానీ బయటికి చూడలేదు.

డ్రైవరు కబురు చెప్పిన రెండు వారాలకు, పెద్ద దినం అయిపోయాక మంథని వెళ్లాను. ఎందుకు వెళ్తున్నానో మా ఆయనకు చెప్పలేదు. ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. వాకిట్లో చాప మీద కూర్చుని ఆయన భార్య ఉతికిన చొక్కాలు మడతపెడుతోంది, ఎవరికో ఇచ్చేయడానికి. నన్ను చూసి, "ఖని నుంచి వచ్చినవా? దవాఖానల పనిచేసే ఆమెవేనా?" అంది.

నన్నెలా పోల్చుకుందో తెలియలేదు. గుమ్మంలో నిలబడే చెప్పేశాను. బండి రాలేదనీ, నేను ఎక్కించలేదనీ, ఎర్ర సంచులు ఎక్కడికి పోయాయో నాకు మొదటి నుంచీ తెలుసనీ. ఒక్కసారి మొదలుపెట్టాక ఆగలేదు. ఆమె చొక్కా మడత మధ్యలో చేతులు ఆపింది. ఏడుస్తుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను. అలా జరిగి ఉంటే బాగుండేది.

"కూసో" అంది. కూర్చున్నాను.

"రిటైరయినంక ఆ డ్రైవరు ఇంటికి పోయిండు ఈయన" అని మొదలుపెట్టింది, చొక్కా వైపే చూస్తూ. "ఆ పిలగాడు పిల్లల నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేసిండట, నేను అమ్మలే అని. ఇంటికొచ్చి కంచం ముందల కూసున్నడు. 'ఇద్దర్ల ఒకరు నాకు అబద్ధం చెప్పిన్రు. ఇద్దరు కష్టం చేసుకొని బతికేటోళ్లే. ఎవల మీద అనుమానపడాలె నేను?' అన్నడు. అన్నం ముట్టలే. తెల్లారి ఖని పోయొస్త అని సంచి పట్టుకొని పోయిండు. మాపటికి వచ్చిండు. 'ఆమె కోసం పొద్దుందాక బస్టాండ్ల కూసున్న, కలిసింది' అన్నడు. 'ఏమన్నది' అన్న. 'యాదికి లేదన్నది' అన్నడు. గంతే. మల్ల ఆ ముచ్చట ఎత్తలే. ఆ కాటా తీసి ఎవలకో ఇచ్చిండు. బయటికి పోవుడు బంద్ చేసిండు. 'నాకు చూపు పోయిందే' అనెటోడు. కండ్ల దవాఖానకు తీస్కపోత అంటె, 'గా చూపు గాదు' అనెటోడు."

బస్టాండులో ఆయన అనుకోకుండా కనిపించారని అన్నాళ్లూ అనుకున్నాను. ఆయన నాకు ఒక అవకాశం ఇవ్వడానికి వచ్చారు.

"ఆనాడు నువ్వు నిజం చెప్తె ఈయన నిన్ను పట్టియ్యకపోతుండె. నీకు ఎరికే గదా?" అంది.

"ఎరికే అమ్మా."

"మరి?"

ఆమె నా జవాబు కోసం ఎదురుచూడలేదు. మడతపెట్టిన చొక్కాను దొంతర మీద పెట్టి, "నాకు చెప్తె ఏమొస్తది. చెప్పవలసిన జాగల చెప్పు" అంది.

ఆ సాయంత్రం మా ఆయనకు మొత్తం చెప్పాను. మంచం మీద నుంచి పైకప్పు రేకుల్ని చూస్తూ విన్నాడు. "రాయి" అన్నాడు. "రాస్తె పని పోతది" అన్నాను. "పోనీ. నా నడుము బరువు ఆయనెందుకు మోసిండు ఇన్నొద్దులు? రాయి నువ్వు" అన్నాడు. మా పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన నాతో అంత గట్టిగా మాట్లాడింది లేదు.

రెండు కాగితాలు రాశాను. ఏ రోజు ఏం జరిగిందో, ఎవరు ఏం చెప్పమన్నారో, నేను ఏం చెప్పానో. సార్‌కు ఏమీ తెలియదనీ, ఆయన నా మాట నమ్మారనీ, ఆ తప్పు నాదేననీ. సంతకం పెట్టి విచారణ జరిగిన ఆఫీసుకు రిజిస్టర్ పోస్టులో పంపాను. డాక్టరమ్మకు నేనే వెళ్లి చెప్పాను. "రేపటి నుంచి రాకు" అంది. మా ఆయన కాళ్లకు వ్యాయామం చేయించే మనిషి ఆ వారం నుంచి రావడం మానేశాడు. ఇప్పుడు నేను ఒక హాస్టల్లో గిన్నెలు కడుగుతున్నాను.

డ్రైవరుకు కూడా చెప్పాను. బండి ఎక్కే ముందు నిలబెట్టి చెప్పాను. అతను తాళంచెవి వేలికి తిప్పుకుంటూ విన్నాడు. "ఆర్నెల్లు" అన్నాడు. "మా అమ్మ మందులు గూడ బంద్ చేసినం ఆ ఆర్నెల్లు." బండెక్కి వెళ్లిపోయాడు. ఇప్పటికీ దారిలో ఎదురవుతుంటాడు. ముఖం తిప్పుకోడు. పలకరించడు. అక్కా అని మాత్రం మళ్లీ పిలవలేదు.

మూడు నెలలకు ఆఫీసు నుంచి జవాబొచ్చింది. నాలుగే వరుసలు. సంబంధిత ఉద్యోగి మరణించినందున అతనిపై విచారణ ముగించడమైనదని, మీ లేఖను ఫైలులో చేర్చడమైనదని. ఆయన తప్పు చేయలేదని ఎక్కడా లేదు. చేశాడనీ లేదు. ముగించడమైనది, అంతే.

ఆ కాగితమూ, నా ఉత్తరం నకలూ తీసుకుని మళ్లీ మంథని వెళ్లాను. ఆమె లోపలికి రమ్మంది. ముందు గదిలో గోడకు ఆయన ఫోటో, కింద ఆయన కూర్చునే కుర్చీ. ఆమె ఆఫీసు జవాబు చదివి, మడిచి, కిటికీలో పెట్టింది. నా ఉత్తరాన్ని మాత్రం చదవలేదు. నా చేతికే తిరిగి ఇచ్చింది.

"నువ్వే సదువు" అంది.

ఎవరికి చదవాలో చెప్పలేదు. నేను అడగలేదు. కుర్చీకి ఎదురుగా నిలబడి మొదలుపెట్టాను. నాలుగు మాటలు కూడా బయటికి సరిగ్గా రాలేదు. ఆమె తలుపు దగ్గర నిలబడి ఉంది.

"గట్టిగ సదువు" అంది. "ఆఖర్ల ఆయనకు చెవులు సరిగ్గ వినవడకపోయేది."

నేను మళ్లీ మొదటి నుంచి చదివాను, వీధిలో పోయేవాళ్లు ఆగి లోపలికి చూసేంత గట్టిగా.